వేళ్ళు కనబడవు

పలాస ప్యాసింజరు ఆమదాలవలసలో ఆగేసరికి
నా బొమ్మల అట్ట మీద ఎవరో టిఫిన్ గిన్నె పెట్టేశారు.
పర్‌స్పెక్టివ్ గీసిన కాగితం మీద
సాంబారు వలయం ఒకటి,
సరిగ్గా గీతలన్నీ వెళ్ళి కలిసే చోట.
జోగినాయుడు సారు దాన్ని వెలుతురుకేసి పట్టి
"సూర్యుడా?" అన్నారు.
మార్కులు మాత్రం తగ్గించారు.

యూనివర్సిటీ ఎచ్చెర్ల దగ్గర, హైవే పక్కన.
లారీ పోతే స్టూళ్ళు వణుకుతాయి,
ప్లాస్టరు పాదం మాత్రం కదలదు.
మూడు నెలలు ఆ పాదాన్నే గీశాం.
ఎవరిదో ఎవరికీ తెలీదు.
పగులు లేదు, ముల్లు దిగిన మచ్చ లేదు,
మట్టి ఎరగని మడమ.
మా ఇంట్లో అలాంటి పాదం ఒక్కటీ లేదు.

వీధిలో అడుగుతారు,
"బొమ్మలు గీత్తే ఉజ్జోగం ఇత్తారేటే గుంటా?"
నా బదులు అమ్మ చెబుతుంది,
"ఇత్తారు. బళ్ళో. నీడపట్టున సేసే ఉజ్జోగం."

అమ్మది జీడి ఫ్యాక్టరీ. పిక్కలు కొట్టే షెడ్డు.
ఆ నూనె తిన్న వేళ్ళు
సబ్బుకి లొంగవు, చింతపండుకీ లొంగవు,
పెళ్ళిళ్ళలో కొంగు కింద ఉంటాయి.
బొగ్గుకర్రతో నీడలు దిద్దాక
నేను చేతులు కడుక్కుంటే
నలుపంతా నీళ్ళలో పోతుంది.
ప్రతిసారీ ఆ కుళాయి దగ్గర
కాసేపు నిలబడిపోతాను.

టీచింగ్ ప్రాక్టీసు పొందూరు హైస్కూల్లో పడింది.
లెసన్ ప్లాను పదకొండు పేజీలు.
డ్రాయింగు శుక్రవారం ఆఖరి పీరియడు.
లెక్కల మాస్టారు మొహమాటంగా నవ్వి
"సిలబస్ అవలేదమ్మా" అని
నా చేతిలో సుద్దముక్క కూడా పట్టుకుపోయారు.
రెండు శుక్రవారాలు నేను
హెడ్మాస్టరు గది బయట గోడ మీద
'ప్రతిరోజూ బడికి రండి' అని రాసి
దీర్ఘాలకి ఎర్ర రంగు వేశాను.

మూడో శుక్రవారం మాస్టారికి జ్వరం.

ఆరో తరగతి. నలభై రెండు మంది.
పదహారు క్రేయాన్ పెట్టెలు, ఒక్క దాన్లోనూ నీలం లేదు,
ఆకాశాలకే అరిగిపోయింది.
ఊరుకుంటే ఏం గీస్తారో నాకు తెలుసు,
రెండు కొండలు, మధ్యలో సూర్యుడు,
కొబ్బరి చెట్టు, టిక్కుమార్కుల్లాంటి పిట్టలు.
పదో తరగతి దాకా
నేనూ అదే గీసి ప్రైజులు కొట్టాను.
అందుకే అన్నాను,
"ఇంట్లో ఎవరివైనా చేతులు గీయండి. పని చేస్తుండగా."

హైమావతి కాగితం మీద వాళ్ళ నానమ్మ.
ముక్కుపుడక, చెంప మీద పుట్టుమచ్చ, రాట్నం,
పక్కన పత్తి ఏకే వాలుగ చేప దవడ,
దాని పళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టి గీసినట్టుంది.
చేతులుండాల్సిన చోట ఏమీ లేదు.
ఆ తెలుపు మీదుగా సన్నగా ఒక దారం.

"వేళ్ళేవీ?"
"కనబడవు మేడం."
"ఎందుకు కనబడవు?"
దారి తప్పి వచ్చిన మనిషిని చూసినట్టు
నన్ను జాలిగా చూసింది.
"ఒడుకుతున్నప్పుడు సూడండి. దారవే కనబడతాది."

వెనక బెంచీలో కూర్చున్న లెక్చరరు గారు
నా రికార్డులో రాశారు:
అవయవాల నిష్పత్తి బోధించలేదు.
నిజమే.
కింద సంతకం పెట్టాను.

ఆదివారం ఇంటికెళ్ళి
నీ చేతులు గీస్తానే అమ్మా అంటే
అలవాటుగా కొంగు కిందకి లాక్కుంది.
బతిమాలితే తీసి ఒళ్ళో పెట్టుకుంది,
ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు, బిర్రుగా.
నేను గీశాను. చాలా బాగా గీశాను.
గోళ్ళ చుట్టూ నలుపు, మడతల్లో నలుపు,
కణుపుల మీద వెలుగు.
అమ్మ చూసి చాలాసేపు ఏమీ అనలేదు.
"ఊరికే కూకోబెట్టీసేవు కదా,
నా సేతుల్లాగ లేవే" అంది చివరికి.

చేట లాక్కుని
చింతపండులో పిక్కలు తీయడం మొదలెట్టింది.
పెన్సిలు ఎక్కడ ఆనించాలో తెలీక నేను
పిక్కలు రాలే చప్పుడు వింటున్నాను.